అజెండాలో ఐదో అంశం

కోదాడ,
16 జూన్ 2022, గురువారం

ప్రమీలా,

నీకూ సుమన్‌కూ దేవుడు తోడుండాలి. ఈ ఉత్తరం చూసి పరేషాన్ కాకు, ఇంట్లో అందరం బతికే ఉన్నాం. ఈ కాలంలో ఉత్తరమేంది, అక్కకు ఫోన్ లేదా అని నవ్వుతావు. నవ్వే ముందు ఇది చదువు.

నా ఫోన్ నా దగ్గర లేదు. చైర్‌పర్సన్‌గా ప్రమాణం చేసిన రోజు సాయంత్రమే మీ బావ తీసుకున్నాడు. "పొద్దంత కాల్స్ వస్తయి, నీతోని కాదు, నేను సూసుకుంట తియ్" అన్నాడు. రెండున్నరేళ్లయింది. ఫేస్‌బుక్‌లో నేను చీరలు పంచుతున్న ఫోటోలు, పండగ పండగకూ నేను చెప్పే శుభాకాంక్షలు, నీకు పొద్దున్నే వచ్చే బైబిల్ వాక్యాలు, అన్నీ ఆయనవే. ఇన్నాళ్లూ నువ్వు వాట్సాప్‌లో మాట్లాడింది నాతో కాదు, మీ బావతో. వీడియో కాల్ వస్తే ఫోన్ నా చేతికిచ్చి ఎదురుగా నిలబడతాడు. అందుకే "అంతా మంచిదే" తప్ప నా నోట్లోంచి ఇంకో మాట రాదు. ఇది ఎప్పుడో చెప్పవలసింది, సిగ్గనిపించి చెప్పలేదు.

ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. హైవే పక్కన మన బొందలగడ్డ, ఎకరం పన్నెండు గుంటలు, దాన్ని చదును చేసి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని వైస్ చైర్మన్ జితేందర్ పట్టుకున్నాడు. రికార్డులో అది మున్సిపాలిటీ ఖాళీ జాగానట. డెబ్బై ఏళ్లుగా మనవాళ్లను పూడ్చుకుంటున్న చోటు కాగితం మీద ఖాళీ. గేట్లోకి పోగానే ఎడమ చేతికి అమ్మ సమాధి. నాన్న రెండు వేళ్లతో సున్నం పూసి "మరియమ్మ" అని చెక్కించిన రాయి ఇంకా చెక్కు చెదరలేదు. మన బండమీదిపాలెం మున్సిపాలిటీలో కౌన్సిలర్లం ఇరవై మంది. మన వాడకట్టు వాళ్లం నలుగురమే.

ఒక్కటి మాత్రం నా చేతిలో ఉంది. మీటింగుకు ముందు అజెండా కాగితం నా దగ్గరికి రావాలి. నేను సంతకం పెట్టిన అంశాలే మీటింగుకు పోతాయి. మూడు నెలలుగా ఆ అంశం వచ్చినప్పుడల్లా దాన్ని కొట్టేసి మిగతావాటికి సంతకం పెడుతున్నాను. రబ్బరు స్టాంపు మీ బావ జేబులో ఉంటుంది. సంతకాన్ని జేబులో పెట్టుకోలేడు. ఒకసారి నోట్‌బుక్కులో నా సంతకం నేర్చుకోబోయాడు, చేతకాలేదు.

నువ్వు అక్కడ అందరికీ "మా అక్క మేయర్" అని చెప్పుకుంటావట. మీ బావ ఆ మెసేజ్ చూపించి మురిసిపోయాడు. అసలు అక్కడ మేయర్లు ఏం చేస్తారు? వాళ్ల మీద ఇట్లాంటి ఒత్తిడి వస్తే ఏ దారి పడతారు? నీకు తెలిసినంత రాయి.

జవాబు ఇంటికి రాయకు. కింద సాలమ్మ అడ్రస్ ఇస్తున్నాను. మన వీధిలో ఉండేది, గుర్తుందా, ఇప్పుడు కోదాడలో టైలర్ షాపు పెట్టుకుంది. వాళ్లాయన కూడా ఆ గడ్డలోనే ఉన్నాడు. జాకెట్ల వంకన ప్రతి గురువారం ఇక్కడికి వస్తాను. ఫోన్లో మాత్రం ఈ సంగతి ఎత్తకు.

నీ అక్క
భాగ్య


డల్లాస్,
10 జూలై 2022

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి బాత్రూంలోకి పోయి తలుపు వేసుకున్నాను.

పోయిన సెప్టెంబర్లో నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. అత్తమ్మవాళ్లకు మిర్యాలగూడకు కూడా చెప్పలేదు. నీ ఒక్కదానికే రాశాను. రక్తం సంగతి, దవాఖానలో వాళ్లు అడిగిన సంగతులు, ఆడది ఆడదానికి మాత్రమే చెప్పుకునేవన్నీ రాశాను. "దేవుని చిత్తం చెల్లె, ఆరోగ్యం జాగ్రత్త" అని జవాబొచ్చింది, కింద చేతులు జోడించిన బొమ్మ. పదవి వచ్చాక మా అక్క రాయైపోయిందనుకున్నాను. ఆరు నెలలు నీతో ముభావంగా ఉన్నాను. నీకు ఆ కడుపు సంగతీ తెలియదు, నా కోపం సంగతీ తెలియదు. బావ ముఖం ఇక నేనెట్లా చూడాలి?

సరే, అడిగినదానికి వస్తాను. నేను పనిచేసే ఓల్డేజ్ హోంలో డోరతీ అని ఎనభై రెండేళ్ల నల్లజాతి ముసలామె ఉంది. నడుము విరగక ముందు బుధవారం బుధవారం సిటీ హాలుకు పోయి మీటింగులో కూర్చునేదట. అన్నం తినిపిస్తూ ఆమెను అడిగాను. నోట్లో ముద్ద పెట్టుకుని గంట చెప్పింది.

ఇక్కడ ఊరూరికీ ఒక పద్ధతి. హ్యూస్టన్‌లో మేయరే పెద్ద. ఆఫీసర్లను పెట్టేదీ తీసేదీ ఆయనే, మీటింగులో ఏం మాట్లాడాలో కూడా ఆయనే చెప్పాలి. న్యూయార్క్, షికాగోల్లో కూడా మేయర్ మాటకు బలమెక్కువ. మా డల్లాస్‌లో అట్లా కాదు. కౌన్సిల్ వాళ్లు పద్నాలుగు మంది, మేయర్‌తో కలిపి పదిహేను. ఊరు నడిపేది సిటీ మేనేజర్, కౌన్సిల్ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. మేయర్ మధ్య కుర్చీలో కూర్చుంటారు, రిబ్బన్లు కత్తిరిస్తారు, కానీ చేతిలో ఉన్నది పదిహేనింటిలో ఒక్క ఓటే. నీ కథ చదువుతుంటే నువ్వు అచ్చం మా డల్లాస్ మేయర్‌వే అనిపించింది. మీ కమిషనర్ మా మేనేజర్ అనుకో.

ఇంకో సంగతి. ఇక్కడ మీటింగులో మామూలు జనం పోయి మాట్లాడొచ్చు. పేరు రాయించుకుంటే మైకు దగ్గర మూడు నిమిషాలు ఇస్తారు. మేయరైనా సరే, కూర్చుని వినాలి. పోయిన ఏడు మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు దాటడానికి గీతలు వేయమని నేనే పోయి మాట్లాడాను. ఇంగ్లీషు సగం తప్పులు. రెండు నెలలకు తెల్లగీతలు పడ్డాయి. ఇప్పటికీ వాటి మీద నడుస్తుంటే ఇవి నావే అనిపిస్తుంది.

అందుకే అంటున్నాను. నువ్వొక్కదానివే మోయకు. జనాన్ని మాట్లాడనియ్యి.

నీ చెల్లె
ప్రమీల


కోదాడ,
11 ఆగస్టు 2022

ప్రమీ,

ఆడపిల్లనా, మగపిల్లాడా? తెలిసే నెల అయ్యిందా? నీకు ఎవరు వండిపెట్టారు? పదినెలల తర్వాత అడుగుతున్నాను, కోప్పడకు.

ఉత్తరం చదివి సాలమ్మ మిషను పక్కన కూర్చుండిపోయాను. ఆమె అడిగితే చెప్పాను. మిషను ఆపి నాతో పాటు ఏడ్చింది. తర్వాత బొందలగడ్డకు పోయి అమ్మకు చెప్పాను. నువ్వు నాకు చెప్పుకున్న మాట మొదట ఆ మనిషి చదివాడు. చదివి, నాకు చెప్పకుండా ఫోన్ జేబులో పెట్టుకుని, నేను వండింది తిన్నాడు. నేను అడగలేదు. అడిగితే ఉత్తరాల సంగతి బయటపడుతుంది. పళ్లెం పెట్టేటప్పుడు చారు ఒలకబోస్తే "షుగర్ చెక్ చేయించుకో" అన్నాడు.

ఇక నీ డల్లాస్ సంగతి. నీ మేనేజర్‌ను కౌన్సిల్ పెట్టుకుంటుందన్నావు. మా కమిషనర్‌ను సర్కారు పంపుతుంది. నేను లోపలికి వస్తే సగం లేస్తాడు, జితేందర్ వస్తే పూర్తిగా లేస్తాడు. మీటింగు హాల్లో నా కుర్చీ పక్కన మీ బావకు ఇంకో కుర్చీ వేస్తారు. చైర్మన్ కుర్చీకి వేసే తెల్ల టవల్ ఒకటే ఉంటుంది. అది ఇప్పుడు ఆయన కుర్చీకే ఉంటోంది. ఊళ్లో అందరూ ఆయన్నే "చైర్మన్ సాబ్" అంటారు. నేను "మేడం"ను. మీ మేయర్ మధ్య కుర్చీలో కూర్చుంటారన్నావు కదా, అదే నయం.

ఇంట్లో ఒత్తిడి పెరిగింది. మీ బావను నేను రాక్షసుడని రాయను. నిన్న కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "రెండేండ్లయితే పదవి ఖతం. జితేందర్‌తోని కయ్యం పెట్టుకుంటే రేపు మనల్ని గీడ పలకరించేటోడు ఉండడు. సచ్చినోళ్ల కోసం బతికినోళ్లను ఎందుకు గోస పెడ్తవ్?" వాళ్ల వాళ్లంతా అనంతగిరిలో పూడ్చబడ్డారు. అక్కడ ఎవరూ కాంప్లెక్స్ కట్టడం లేదు.

నువ్వు రాసిన మూడు నిమిషాలు నా తలలోంచి పోవడం లేదు. అవి ఇచ్చేది ఎవరు? మేయరా, చట్టమా? మేయర్ వద్దంటే ఆగుతాయా? మా దగ్గర జనం మీటింగు హాల్లోకి వచ్చి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అట్లా ఉంటుందేమో, ఎవరూ అడగలేదేమో. కనుక్కుని రాయి. అప్పటిదాకా నేను ఆ అంశం మీద గీత కొడుతూనే ఉంటాను.

ఒంట్లో నీరసంగా ఉంటే రాగిజావ తాగు. అక్కడ రాగులు దొరుకుతాయా?

భాగ్య


డల్లాస్,
4 సెప్టెంబర్ 2022

అక్కా,

ఆడపిల్ల. రాగిపిండి ఇండియన్ షాపులో దొరుకుతుంది.

ఒక సంగతి నిన్ను నిలదీసి అడుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చిన నాలుగు రోజులకు నీ వాట్సాప్ నుంచి మెసేజ్ వచ్చింది. "చెల్లె, బొందలగడ్డ మంచిగ చేయిస్తున్నం, ప్రహరీ వస్తది, అందరు ఒప్పుకున్నరు" అని. కింద నువ్వూ జితేందర్ గారూ ఒక మ్యాపు పట్టుకుని నవ్వుతున్న ఫోటో. మెసేజ్ బావదని నాకు తెలుసు. మరి ఫోటోలో నవ్వు ఎవరిది? ఉత్తరంలో గీత కొడుతున్నానంటావు, ఫోటోలో మ్యాపు పట్టుకుంటావు. ఇద్దరు అక్కల్లో ఎవరిని నమ్మాలో చెప్పు.

నాకు అనిపించేది రాస్తాను, కోపం తెచ్చుకో. నువ్వు భయపడుతున్నావు. కాగితం మీద గీత కొట్టి మూలకు పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. జనానికి తెలియదు, వాళ్ల మీద ఏం వస్తోందో కూడా తెలియదు. రేపు నీ పదవి పోయాక వచ్చేవాడు మొదటి రోజే సంతకం పెడతాడు. అప్పుడు అమ్మ కోసం అడిగేవాళ్లెవరు? దాచిపెట్టడమంటే వాళ్ల పని సులువు చేయడమే.

మూడు నిమిషాల సంగతి డోరతీని అడిగాను. అవి మేయర్ దయ కాదంది. రూలు. మన దగ్గర కూడా మీటింగు తలుపులు జనానికి తెరిచే ఉంచాలని సుమన్ ఫ్రెండ్ ఒకాయన, లా చదివినాయన, చెప్పాడు. తలుపు తెరిచి ఉంటే మాట్లాడనివ్వరా? నీ ఒక్క ఓటుతో ఎట్లాగూ ఆపలేవు, డల్లాస్ మేయర్ కూడా ఆపలేరు. ఆపేది జనమే. దాన్ని అజెండాలో పెట్టు. వాడకట్టు మొత్తాన్ని పిలువు. వాళ్లే మైకు ముందు నిలబడి అడిగితే జితేందర్ ఏం చేస్తాడు?

నేను ఇంత దూరంలో కూర్చుని నీతులు చెబుతున్నానని అనుకుంటావు. అనుకో. ఆమె నాకూ అమ్మే.

ప్రమీల


కోదాడ,
6 అక్టోబర్ 2022

ప్రమీలా,

ఆ ఫోటో రోడ్డు వెడల్పు మ్యాపుది. నవ్వమంటే నవ్వాను. రెండున్నరేళ్లుగా నవ్వమన్నప్పుడల్లా నవ్వుతున్నాను.

నువ్వు భయమన్న మాట వారం రోజులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ సూపర్‌వైజర్‌కు ఎదురు మాట్లాడినదాన్ని నేను. చివరికి ఒప్పుకున్నాను. ఈ నెల 31న, సోమవారం, మీటింగు. ఈసారి గీత కొట్టలేదు. ఐదో అంశంగా ఉంది. సంతకం పెట్టాను. మీ బావ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎన్నాళ్లకు తెలివొచ్చింది" అని ఆ సాయంత్రం నాకు జిలేబీ తెచ్చాడు. ఆయన లొంగిపోయాననుకున్నాడు. నేను జిలేబీ తిన్నాను.

చర్చిలో ఆదివారం పూజ అయ్యాక ఇంటింటికీ తిరిగి చెప్పాను. మనిషికి మూడు నిమిషాలు, అమెరికాలో ఇట్లాగే ఇస్తారు, మా చెల్లె కూడా మాట్లాడింది, రోడ్డు మీద గీతలు వేయించింది అని. చైర్‌పర్సన్‌నే పిలుస్తుంటే ఇక భయమెందుకన్నారు. నలభై ఒక్క మంది పేర్లు ఇచ్చారు. ఎవరూ మీ బావతో అనొద్దని చెప్పాను.

పోయిన ఆదివారం గుడి గోడ గడియారం ముందు ప్రాక్టీసు చేశాం. నువ్వుంటే నవ్వేదానివి. కొందరికి ఒక్క నిమిషంలోనే మాటలు అయిపోయి దండం పెట్టేశారు. నాగయ్య తాత మాత్రం ఆగలేదు. ఆయన వాదన ఏమీ చెప్పలేదు. గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పుకుంటూ పోయాడు. "గీడ మరియమ్మ, పాము గర్సింది. పక్కకే సాలమ్మ పెనిమిటి. గాయన పక్కకు నా బిడ్డ, పేరు పెట్టకముందే పోయింది." మూడు నిమిషాలయ్యేసరికి మొదటి వరస కూడా పూర్తి కాలేదు. తాతా, టైమైపోయిందంటే, "ఇంకొకరి టైము నాకియ్యరా?" అని అడిగాడు. నలుగురు తమ మూడు నిమిషాలు ఆయనకు ఇచ్చేశారు.

నీ మాట విన్నాను. రాయితో కొట్టినట్టున్నా నువ్వన్నది నిజమే. రెండున్నరేళ్లలో మొదటిసారి నాకు చైర్‌పర్సన్‌ననిపించింది.

నీ అక్క
భాగ్య


డల్లాస్,
25 అక్టోబర్ 2022

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇది నీకు చేరేసరికి మీటింగు అయిపోయి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేను.

పొద్దున డోరతీకి అంతా చెప్పాను, నలభై ఒక్క మంది సంగతి, తాత సంగతి. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. చెంచా పక్కకు నెట్టి, "మీ ఊళ్లో అజెండా ఎవరి చేతిలో ఉంది?" అని అడిగింది. మా అక్క సంతకం పెట్టాలి అన్నాను. "అయితే మీ అక్క డల్లాస్ మేయర్ ఎట్లా అవుతుంది? ఆ ఒక్క సంగతిలో ఆమె హ్యూస్టన్ మేయర్. అక్కడ మేయర్ పెట్టకపోతే ఆ అంశం గదిలోకే రాదు. చేతిలో ఉన్న అంత బలాన్ని వదులుకోమని ఎవరు చెప్పారు?" అంది. నేనే చెప్పానని అనలేకపోయాను. "పదకొండు మంది అవునన్నాకే ఎవరైనా అజెండాకు తెస్తారు. మాట్లాడేవాళ్లు మాట్లాడతారు, ఓట్లు ముందే లెక్కపెట్టి ఉంటారు" అంది.

నువ్వు నీ మొదటి ఉత్తరంలోనే రాశావు, ఒక్కటి నా చేతిలో ఉందని. నేను చదివాను, నా తలకెక్కలేదు. నాకు మేయర్ అంటే నేను చూసిన ఒక్క మేయరే తెలుసు.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన వారం మా వీధి గీతల గురించి సిటీ వెబ్‌సైట్‌లో చూశాను. ఆ గీతలు నేను మాట్లాడక ముందే, ఏడాది ముందే, పనుల లిస్టులో ఉన్నాయి. నా మూడు నిమిషాల వల్ల పడలేదు. ఎట్లాగూ పడేవి.

సాలమ్మ నంబరు నా దగ్గర లేదు, నువ్వెప్పుడూ రాయలేదు. ఏం చేయాలో తోచక నీ వాట్సాప్‌కు పెట్టాను. "అక్కా, ఆ మూడు నిమిషాల పని ఆపు, ఐదోది తీసెయ్యి" అని అంతే. ఫోన్లో ఎత్తకన్నావు, ఎత్తాను. బావకు అర్థం కాకుండానే రాశాననుకుంటున్నాను. నీకు చూపించి ఏంటని అడిగితే నీకు అర్థమవుతుందని నా ఆశ. రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

అక్కా, ఏదో ఒకటి చేసి నాకు తెలియజెయ్యి.

ప్రమీల


కోదాడ,
22 డిసెంబర్ 2022

ప్రమీలా,

నేను హ్యూస్టన్ మేయర్‌నని నువ్వు రాసిన ఉత్తరం నవంబర్ పదిహేడున అందింది. అప్పటికి పదిహేడు రోజుల కిందటే నేను ఏ మేయర్‌నూ కాకుండా పోయాను.

నీ మెసేజ్ మీ బావ నాకు చూపించాడు. అజెండా అప్పటికే కౌన్సిలర్లందరికీ పోయింది, ఐదోది తీసే దారి లేదు. "మూడు నిమిషాల పనేంది?" అని అడిగాడు. కుక్కర్ సంగతి అన్నాను. నవ్వాడు. మరునాడు వాడకట్టుకు పోయి నాగయ్య తాత పక్కన కూర్చుని అడిగాడు. చైర్మన్ సాబే వచ్చి అడుగుతున్నాడు, మనోడే కదా అని తాత గొప్పగా అంతా చెప్పాడు. గడియారం ముందు ఎట్లా ప్రాక్టీసు చేశామో నిలబడి చూపించాడట.

మీటింగు రోజు ఆఫీసు గేటు దగ్గర పోలీసులను పెట్టించారు. నలభై ఒక్క మంది బయటే నిలబడ్డారు. లోపల కమిషనర్ ఐదో అంశం చదివాడు. నేను లేచి, జనం వచ్చారు, మాట్లాడతారు, మనిషికి మూడు నిమిషాలివ్వండి అన్నాను. మీ బావ టవల్ కుర్చీలో వెనక్కి వాలి, "మేడంకు అమెరికల చెల్లె ఉన్నది, గాడి రూల్స్ గీడ పెడ్తున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. మనవాళ్లు నలుగురిలో ఇద్దరు కూడా నవ్వారు. జితేందర్ బల్ల చరిచి "ఆమోదం" అన్నాడు, తక్కినవాళ్లూ చరిచారు. నేను ఒప్పుకోవడం లేదన్నాను. బల్లల చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. నిమిషం కూడా పట్టలేదు.

గేటు దగ్గర తాత ఆగలేక కానిస్టేబుల్‌కే చెప్పడం మొదలుపెట్టాడట. ఆ పిలగాడు నిలబడి విన్నాడట. రెండు వరసలు పూర్తయ్యాయని సాలమ్మ చెప్పింది.

తీర్మానం కాపీ వాడకట్టులో ఇంటింటికీ పంచారు. అందులో ఇట్లా ఉంది: "గౌరవ చైర్‌పర్సన్ గారు అజెండాలో ప్రవేశపెట్టగా సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించనైనది." కింద స్టాంపు, పైన అజెండా కాగితం జిరాక్సు, దాని మీద నా సంతకం. ఆరు నెలలు కొట్టిన గీతల కాగితాలు ఎవరికీ పంచలేదు. మనవాళ్లకు తెలిసింది ఒకటే. మమ్మల్ని గేటు దాకా పిలిచి, లోపల సంతకం పెట్టిందని. నేను చెప్పబోతే నాగయ్య తాత చేయి అడ్డం పెట్టాడు. "బిడ్డా, నువ్వు అమ్ముకున్నవంటే ఊకుందుము. మాతోని గడియారం ముంగట ఆట ఎందుకు ఆడించినవ్?" అన్నాడు.

నవంబర్ రెండు సమాధుల పండగకు "ఆఖరుసారి చేసుకోండ్రి" అని జితేందర్ పర్మిషన్ ఇచ్చాడు. అందరూ సున్నాలు వేసి కొవ్వొత్తులు పెట్టుకున్నారు. నేను పోతే ఒక్కరూ పలకరించలేదు. అమ్మ దగ్గర అప్పటికే ఎవరో కొవ్వొత్తి పెట్టి ఉన్నారు. నన్ను పెట్టనివ్వడం ఇష్టం లేక ముందే పెట్టారు. తర్వాత వారంలో జేసీబీ వచ్చింది. ఎముకలు మూసీ వైపు ఎక్కడో కొత్త జాగాకు తీసుకుపోయారు, ఎవరివి ఎక్కడ అని రాసిన కాగితం లేదు. అమ్మ రాయి ఒక్కటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. పెరట్లో గోడకు ఆనించి పెట్టాను.

నిన్ను ఏమీ అనడం లేదని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. అంటున్నాను. నువ్వు నన్ను భయపడుతున్నావన్నావు. గీత కొట్టడమే నా ధైర్యం. పదవి పోయేదాకా, నన్ను దించేదాకా, గీత కొడుతూనే ఉండేదాన్ని. అప్పుడు తాత నన్ను చూసి చేయి అడ్డం పెట్టేవాడు కాదు. నీ ఊరు నా ఊరు కాదని నాకూ తెలుసు. తెలిసీ విన్నాను. అది నా తప్పు.

కాంప్లెక్స్ శంకుస్థాపన జనవరి ఐదున. శిలాఫలకం సూర్యాపేటలో చెక్కించారు, మీ బావ నిన్న తీసుకొచ్చి చూపించాడు. నల్లరాయి, బంగారు అక్షరాలు. రూలు ప్రకారం నా పేరు జితేందర్ పేరు కంటే పైన ఉండాలట. ఉంది. ఎక్కడ పాతుతారని అడిగాను. గేట్లోకి పోగానే ఎడమ చేతికి అన్నాడు. అమ్మ రాయి పీకిన గుంట ఇంకా పూడలేదు, కొత్తగా తవ్వే పని తప్పిందని మేస్త్రీ అన్నాడట.

సాలమ్మ ఈ రోజు జాకెట్లు ఇచ్చేసి, "అక్కా, ఇగ నా ఇంటికి ఉత్తరాలు రానియ్యకు" అంది. నా మొహం చూడలేదు. నువ్వు ఇక ఈ అడ్రస్‌కు రాయకు. ఏదన్నా ఉంటే ఫోన్లోనే పెట్టు. మీ బావ జవాబిస్తాడు.

భాగ్య